రిలీజుకు ముందు చూసినవాడు

ముందు చిటిక వినిపిస్తుంది. ఒక చిటిక, ఏడు అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ, ఆ తర్వాత రెండో చిటిక. జూబ్లీహిల్స్‌లో ఆ మేడ మూడో అంతస్తులో పనిచేసేవాళ్ళకు మెట్ల మలుపులోంచి ఆ చప్పుడు రాగానే ఎవరో ఒకరు "రీలు మారింది" అనేవారు. మిగతావాళ్ళు నవ్వును కంప్యూటర్ల వెనక దాచుకునేవారు. అప్పుడు తలుపులో బాలనర్సయ్య కనిపించేవాడు, ఇస్త్రీ చొక్కా, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, చీకటి గదిలోంచి వచ్చినవాడిలా సగం మూసిన కళ్ళు.

ఫిల్మ్ నగర్‌లోని ఒక ప్రివ్యూ థియేటర్లో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరు. రీళ్ళ కాలంలో ఒక రీలు అయిపోయే ముందు తెర కుడి మూలన ఒక చుక్క మెరిసేది. అది కనబడగానే రెండో మిషను తిప్పాలి. ఏడు సెకన్లకు ఇంకో చుక్క మెరిసేది. అప్పుడు వెలుగును ఈ మిషను నుంచి ఆ మిషనుకు మార్చాలి. కింద కూర్చుని చూసేవాళ్ళకు ఒక లోకం చచ్చి ఇంకో లోకం పుట్టిందని తెలియకూడదు. ఆ రెండు చుక్కలకు బాలనర్సయ్య వేళ్ళు రెండు చిటికలు నేర్చుకున్నాయి. రీళ్ళు పోయాయి, మిషన్లు పాత ఇనుములో కలిశాయి. వేళ్ళు మాత్రం మానలేదు. మెట్లు ఎక్కినా, రోడ్డు దాటినా, ఒక మాట ముగించి ఇంకో మాట ఎత్తుకున్నా చిటిక పడేది.

ఆ ఆఫీసు "తెరపట్టీ" అనే వెబ్‌సైటుది. తాము చూసిన సినిమాలను జనం అందులో రాసుకుంటారు. ఏ రోజు చూశారు, ఎక్కడ చూశారు, ఎలా ఉంది అని ఒక్క వాక్యం. దాన్ని పెట్టినవాడు రిత్విక్. ముప్పై నిండని కుర్రవాడు, తాతగారి కాలం నుంచి సినిమా కుటుంబం. సభ్యుల వ్యవహారాలు, సలహాల పెట్టె చూసేది మనోజ్ఞ, కాకినాడ నుంచి వచ్చిన పిల్ల.

బాలనర్సయ్య ఏడో నంబరు సభ్యుడు. ఆపరేటరుగా చేరిన రోజు నుంచి ఆయన వేసిన ప్రతి సినిమాకూ నోటు పుస్తకంలో ఒక వరస ఉంది. అలాంటి పుస్తకాలు పంతొమ్మిది. మనవరాలు రష్మి రెండు వేసవి సెలవులు కూర్చుని వాటన్నిటినీ సైటులోకి ఎక్కించింది. పని పూర్తయ్యాక రిత్విక్ స్వయంగా షేక్‌పేట ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నాడు.

"నర్సయ్యగారూ, ఈ బుక్స్ మాకివ్వండి. ఆఫీసులో మ్యూజియంలా పెడతాం. మీరు మా లెజెండ్ అండీ" అన్నాడు.

లెజెండ్ అంటే ఏమిటని రష్మిని అడగలేదు. ఆమె మొహం వెలిగింది, అది చాలనుకున్నాడు. పుస్తకాలను పాత తువ్వాలులో మూటగట్టి ఇచ్చాడు.

సలహాల పెట్టెకు ఆయన కన్నా ఎక్కువ రాసినవాడు లేడు. రాయడమంటే ఫోనును నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడటం. "సగం చూసి లేచిపోయినోళ్ళకు వేరే గుర్తుండాలె. నిద్రవోయినోళ్ళకు ఇంకో గుర్తు పెట్టున్రి. పాటకు బయటకు వోయి సిగరెట్ తాగొచ్చినోడు పూర్తిగ చూసినట్టు కాదు." ఇంకోసారి, "పక్కన ఎవరు కూసున్నరో రాసుకునే జాగా ఇయ్యున్రి. పక్క మనిషి మారితే సినిమా మారుతది."

సోమవారం మీటింగుల్లో రిత్విక్ వీటిని బాలనర్సయ్య గొంతుతో, ఆయన యాసతో, చిటికలతో సహా చదివేవాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవారు. పక్క మనిషి పేరు రాసుకునే జాగా గురించి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎవరూ పెట్టనూ లేదు.

ఆయన అడిగిన సౌకర్యాల్లో ఒక్కటీ రాలేదు. ఆయన చెప్పిన నిబంధనల్లో ఒక్కటీ వదల్లేదు. జనాన్ని తీసెయ్యడం తేలిక, దానికి కొత్తగా ఏమీ తయారు చెయ్యక్కర్లేదు. ఉత్తుత్తి సినిమాలు ప్రకటించి పేజీలు తెరిచేవాళ్ళ మీద ఆయనకు మంట. "చూసినోడు ఒక్కడు గూడ లేని సినిమాకు పేజీ ఎందుకు?" అన్నాడు. మర్నాటికి అది నిబంధన అయింది. చూడకుండా చూశామని రాసేవాళ్ళ మీద ఇంకా మంట. "మూడో రీల్ల ఏముందో అడుగున్రి. చెప్పకపోతే దొంగ" అన్నాడు. ఇప్పటి సినిమాకు రీళ్ళెక్కడివని మనోజ్ఞ అనబోయింది. రిత్విక్‌కి ఆ మాట నచ్చింది. దానికి మూడో రీలు పరీక్ష అని పేరు పెట్టాడు, అనుమానం వచ్చినవాళ్ళను పరీక్షించే పనిని బాలనర్సయ్యకే అప్పగించాడు.

ఆ ఏడాది ఆయన నూటపన్నెండు మందిని గెంటించాడు. అబద్ధం ఎందుకు, ఆ పని ఆయనకు తీపిగా ఉండేది. ముప్పై ఏళ్ళు ఆపరేటరు గది గోడ కన్నంలోంచి పెద్దవాళ్ళ మెడలు మాత్రమే చూసిన మనిషికి ఇప్పుడు మొహాలు కనబడుతున్నాయి. ఆ మొహాలు ఆయన ముందు తడబడుతున్నాయి.

వాళ్ళలో శకుంతలమ్మ ఒకతె. షేక్‌పేటలోనే, రెండు గల్లీల అవతల, జాకెట్లు కుట్టే మనిషి. ఆమె భర్త సినిమా రీళ్ళ డబ్బాలు పట్టుకుని ఊరూరా తిరిగేవాడు. వచ్చినప్పుడల్లా ఆ సినిమాను మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు, పాటలు పాడి, ఫైట్లకు తొడ చరిచి. ఆమె మిషను తొక్కుతూ వినేది. ఆయన పోయాక ఆ సినిమాలన్నిటినీ తన పేరున తెరపట్టీలో రాసుకుంది.

బాలనర్సయ్య ఫోను చేసి అడిగాడు. ఆమె మూడో రీలే కాదు, పదమూడో రీలు కూడా చెప్పింది.

"ఏ టాకీసుల చూసినవు?"

"టాకీసు ఎక్కడిది అన్నా? మా ఆయన చెప్పిండు."

"విన్నది చూసినట్టు కాదమ్మా."

"గంతేనా?"

"గంతే. రూల్ రూలే."

ఆ సాయంత్రానికి శకుంతలమ్మ సినిమాలు పోయాయి. బాలనర్సయ్య భార్య దేవమ్మ బతికున్న రోజుల్లో ఆమే, శకుంతలమ్మా ఒకే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు.

దేవమ్మ ఆరేళ్ళ కిందట పోయింది. ఆమె ఒక సినిమాలో ఉంది. ఆ సంగతి లోకంలో ఒక్క చోటే రాసి ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, షేక్‌పేట పాత వీధిలో "పాలవెల్లి వీధి" అనే సినిమా షూటింగ్ జరిగింది. కొత్త హీరో, కొత్త దర్శకుడు. వీధి మరీ బోసిగా ఉందని, బిందె ఎత్తుకుని వస్తున్న దేవమ్మను ఆపి, కెమెరా ముందు నుంచి పొమ్మన్నారు. పోయింది. మళ్ళీ పొమ్మన్నారు. మూడుసార్లు అదే నీళ్ళు మోసింది. కొన్ని నెలలకు, సెన్సారుకు ముందు చూసుకునే కాపీ బాలనర్సయ్య మిషను మీదికి వచ్చింది. ఆరో రీల్లో, ఆయన చేతుల్లోంచి పుట్టిన వెలుగులో, దేవమ్మ ఎడమ నుంచి కుడికి నడిచింది. సగం దారిలో తల తిప్పి కన్నం వైపు చూసింది, ఆయన ఎక్కడున్నాడో తెలిసినట్టు. కొంగు సర్దుకుంది. వెళ్ళిపోయింది.

కింద దర్శకుడు, "ఆ బిందె మనిషి కెమెరా వంక చూసిందండీ, కోసెయ్యండి" అన్నాడు.

కోసే అవసరం రాలేదు. నిర్మాత హఠాత్తుగా పోయాడు. సినిమా ఏ ఊళ్ళోనూ ఆడలేదు. దేవమ్మకు చూపిద్దామని ఆ ప్రివ్యూ మర్నాడు వెంటబెట్టుకు వెళ్ళేసరికి పొద్దున్నే డబ్బాలు తీసుకుపోయారు. ఆ తర్వాత అవి ఎక్కడ కుళ్ళాయో ఎవరికీ తెలియదు. దేవమ్మ ఎప్పుడూ తనను తాను చూసుకోలేదు. అన్నం పెడుతూ అడిగేది, "ఎట్ల పోయిన? జర చెప్పు." ఆయన చెప్పేవాడు. ఎడమ నుంచి కుడికి, మధ్యల మళ్ళి చూసినవు. "బాగున్ననా?" అనేది. ఈయన నీళ్ళు తాగి, "బిందె బాగుంది" అనేవాడు. ఆమె ఆయన వీపు మీద ఒకటి చరిచేది.

తెరపట్టీలో "పాలవెల్లి వీధి" పేజీ కింద "చూసినవారు: ఒక్కరు" అని ఉండేది. కింద ఆయన వాక్యం. "ఆరో రీల్ల నా భార్య నీళ్ళు తెస్తది." నిద్ర లేచిన వెంటనే ఆ పేజీ తెరిపించుకోవడం ఆయనకు అలవాటు. నీటికాసుల జబ్బు వచ్చి చూపు కుదించుకుపోతోంది. బంజారా హిల్స్ డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదని చెప్పేశాడు. లోకం అంచుల నుంచి నల్లబడుతూ నడుమ ఒక చిన్న గుండ్రం మిగిలింది, ఆపరేటరు గది కన్నమంత. ఆ గుండ్రంలో ఆ వాక్యం సరిగ్గా పట్టేది.

ఈ ఏడాది ఎండాకాలంలో ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఒకే వారం వచ్చాయి. ఒకరి అభిమానులు ఇంకొకరి సినిమాను విడుదలకు ముందే చూసేశామని రాసి, దానికి సున్నా మార్కులు పెట్టారు. బాలనర్సయ్య రగిలిపోయాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"రిలీజ్ తారీఖుకు ముందు చూసిన అని రాసినోడు దొంగ. వాని పేరు తీసేయాలె, వాడు రాసిన సినిమాలన్ని తీసేయాలె. ఒక్క దానికి రాసినా సరే. మల్ల బతిమాలుకునే మాటుండొద్దు."

మర్నాడు రిత్విక్ కారు పంపాడు. గాజు గదిలో టీ ఇచ్చారు. మనోజ్ఞ ల్యాప్‌టాప్ తెరిచి ఎదురుగా కూర్చుంది.

"మీ మెసేజ్ విని గూస్‌బంప్స్ వచ్చాయండీ" అన్నాడు రిత్విక్. "ఇది మన సైటుకి రాజ్యాంగం. ఒక్క అక్షరం మార్చను."

మనోజ్ఞ గొంతు సవరించుకుంది. "తాతగారూ, ప్రివ్యూలు చూసేవాళ్ళుంటారు కదండీ. టెక్నీషియన్లు, పత్రికలవాళ్ళు…"

"ఎవడైతేంది బిడ్డా? ప్రివ్యూ చూసినోడు నోరు మూసుకోని ఉండాలె. ముప్పై ఏండ్లు గాడనే ఉన్న. ఒక్క మాట బయట పడనియ్యలే."

"అంటే… ఎవ్వరికీ మినహాయింపు వద్దా?"

"ఎవ్వరికి వద్దు. మా నాయన లేచొచ్చినా గేటు కాడ ఆపుడే."

ఆమె రిత్విక్ వైపు చూసింది. రిత్విక్ కిటికీ వైపు చూశాడు. "సార్ చెప్పింది చెప్పినట్టు రాయి మనోజ్ఞా" అన్నాడు. కాగితం మీద అచ్చువేసి బాలనర్సయ్య చేత సంతకం పెట్టించారు. ఆయన సంతకం పెడుతున్న ఫోటో, "సభ్యుల కోసం ఒక సభ్యుడు రాసిన నిబంధన" అన్న మాటలతో, సాయంత్రానికి సైటులో వెలిసింది. రష్మి దాన్ని స్నేహితురాళ్ళందరికీ పంపింది.

తన పుస్తకాల మాట ఆయనకు ఎందుకు తట్టలేదని తర్వాత అందరూ అడిగారు. ఆపరేటరుకు తట్టదు. మిగతా లోకానికి సినిమా శుక్రవారం పుడుతుంది. ఆపరేటరుకు తాను లైటు వేసిన రోజే పుడుతుంది. పంతొమ్మిది పుస్తకాల నిండా ఉన్నవి ఆయన లైటు తారీఖులు. అవి రిలీజుకు ముందువని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆయన లెక్కలో రిలీజ్ అంటే అదే. ఆ తర్వాత ఊళ్ళలో జరిగేది వేరేవాళ్ళ గొడవ.

శుక్రవారం పదకొండు గంటలకు నిబంధన అమల్లోకి వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని రష్మిని పేజీ తెరవమన్నాడు. ఆమె తెర మీద మళ్ళీ మళ్ళీ వేలితో నొక్కింది.

"ఏందే?"

"తాతా, నువ్వు లేవంటుంది."

"ఏడ లేను?"

"ఏడో నంబర్ సభ్యుడు లేడంట."

"గది పోనీ. పాలవెల్లి వీధి చూడు."

ఆమె రెండుసార్లు టైపు చేసింది. "అట్లాంటి సినిమానే లేదంటుంది తాతా."

చూసిన ఒక్కడూ పోయాడు. చూసినవాడు లేని సినిమాకు పేజీ ఉండకూడదు. ఆయన చెప్పిన రెండు నిబంధనలూ ఒకదాని తర్వాత ఒకటి, నడుమ చీకటి పడకుండా, రెండు మిషన్లలా పనిచేశాయి.

ఆ మధ్యాహ్నం మెట్ల మలుపులో చిటిక వినపడలేదు. అందుకే ఆయన తలుపులోకి వచ్చేదాకా ఎవరూ గమనించలేదు.

"అయ్యో, సిస్టమ్ అండీ" అన్నాడు రిత్విక్. "ఆటోమేటిక్. మనిషి చెయ్యి ఉండదు అందులో."

"నేను దొంగనా సారు?"

"ఛ ఛ. కానీ మీరే కదండీ మినహాయింపు వద్దన్నారు? సంతకం కూడా పెట్టారు. ఇప్పుడు మీకిస్తే రేపు నన్నెవరు నమ్ముతారు, చెప్పండి. మళ్ళీ కొత్తగా చేరిపొండి. టికెట్ కొని చూసినవి రాసుకోండి, హాయిగా."

టికెట్ కొని ఏం చూశాడా అని బాలనర్సయ్య ఆలోచించాడు. దేవమ్మతో రెండు, రష్మి చిన్నప్పుడు ఒకటి. ఇకముందు చూడటానికి కన్నమంత గుండ్రం మిగిలింది.

"నా పుస్తకాలు ఇచ్చేయుండ్రి."

రిత్విక్ ఫోను చూసుకుంటూ, "మనోజ్ఞా, సార్‌ని కింద వాల్ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు.

మొదటి అంతస్తులో సభ్యుల కోసం కొత్తగా కాఫీ కొట్టు పెట్టారు. దాని గోడ నిండా బాలనర్సయ్య చేతిరాత ఉంది. పుస్తకాల కుట్లు విప్పి, ఏ కాగితానికా కాగితం జిగురుతో అంటించి, పైన మెరుగుపూత పూశారు. కొన్ని తలకిందులు. కొన్నిటి మీద అక్షరాలు కనబడకుండా దీపాలు బిగించారు. ఒక అమ్మాయి ఆ గోడకు ఆనుకుని ఫోటో దిగుతోంది. "అంకుల్, జర పక్కకు" అంది.

ఆయన పక్కకు జరిగాడు. ఆమె వెళ్ళాక మొహం గోడకు ఆనించి, ఆ చిన్న గుండ్రాన్ని కాగితం మీంచి కాగితం మీదికి జరుపుకుంటూ వెతికాడు. పుస్తకాల్లో పేజీ అంకెలు తనే వేసుకునేవాడు. పాలవెల్లి వీధి ఉన్నది రెండో పుస్తకం ఎనభైమూడో పేజీలో. అరగంటకు ఎనభైనాలుగు దొరికింది. అదే కాగితం. దేవమ్మ ఉన్న వైపు గోడకు అంటుకుని ఉంది.

గోరుతో అంచు లేపబోయాడు.

"రాదండీ తాతగారూ" అంది మనోజ్ఞ మెల్లగా. "మొత్తం గట్టిపడిపోయింది. లాగితే చిరిగిపోతుంది."

మెట్లు దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు చెప్పింది. పాలవెల్లి వీధిలో కొత్త హీరోగా వేసినాయన ఇప్పుడు పెద్ద స్టారు, ఇంటిముందు రోజూ జనం నిలబడుతున్నారు. తన మొదటి సినిమా వేరేదని ఆయన ప్రతి సభలోనూ చెప్పుకుంటాడు. ఆయన ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, పాలవెల్లి వీధి పేజీ ఉండకూడదని.

"అదొక్కటే తీస్తే అందరూ పట్టేస్తారని రిత్విక్ ఆగారండీ. వారం తిరక్కుండా మీ మెసేజ్ వచ్చింది."

"నువ్వెందుకు చెప్పలేదు బిడ్డా?"

"రెండుసార్లు అడిగాను కదా తాతగారూ."

ఆయన తలూపాడు. అడిగింది. నిజమే.

ఇంటికి పోయే దారిలో ఆయన కాళ్ళు రెండు గల్లీలు పక్కకు తిరిగాయి. శకుంతలమ్మ మిషను ఆపలేదు.

"ఏందన్నా, ఇట్ల వచ్చినవు? ఇంకేమన్న తీసేసేదుందా?"

"ఏం లేదు. దేవమ్మ నీతోని ఎప్పుడన్న చెప్పిందా? బిందెతోని నడిచిన సంగతి."

సూది టకటకా దిగుతూ పైకి లేస్తూ ఉంది. "నల్లా కాడ రోజూ చెప్పేది. ఎడమ నుంచి కుడికి పోయినంట, మధ్యల మళ్ళి చూసినంట, కొంగు సర్దుకున్ననంట. నువ్వు చెప్పినవంట."

"ఆఫీసుల గా మాట చెప్తవా? ఒక్కసారి. ఇంకొక మనిషికి గూడ తెలుసని."

ఆమె కుట్టు చివర దారం పళ్ళతో తెంపింది. జాకెట్టు దులిపి మడత పెట్టింది.

"చెప్పొచ్చు గని, విన్నది చూసినట్టు కాదు గదా అన్నా" అంది.

ఇంకో జాకెట్టు గుడ్డ మిషను మీద పరిచింది.

ఆ తర్వాత బాలనర్సయ్య వేళ్ళు చిటిక వేయడం మానేశాయి. ఒక గది లోంచి ఇంకో గదిలోకి గోడ పట్టుకుని నడుస్తాడు. గుండ్రం ఇప్పుడు బియ్యపు గింజంత అయింది. అందులోంచి ఎదుటి మనిషి కన్నొక్కటో ముక్కొక్కటో కనబడుతుంది, అన్నీ కలిసి మనిషి కాడు. ఈ కథ రాసుకోవడానికి ఆయన ఇంటికి వెళ్ళినవారికి రష్మి టీ ఇచ్చింది. ఆయన ఏదీ దాచకుండా, తాను గెంటించిన నూటపన్నెండు మందితో సహా చెప్పాడు. కాగితాలు సర్దుకుని లేస్తుంటే, మంచం మీంచి చెయ్యి చాపి గాలిలో వెతికి, రాసేవారి మణికట్టు పట్టుకున్నాడు.

"దేవమ్మ ఎడమ నుంచి కుడికి పోయిందని రాయుండ్రి. మళ్ళి చూసిందని రాయుండ్రి. నేను చూసిన అని మాత్రం రాయకుండ్రి. చూసిండంట అని రాయుండ్రి. రూల్ రూలే."